రెక్క మీది సుడిని చూడాలంటే: నీటి సొరంగమా, గాలి సొరంగమా?

డెల్టా రెక్క (త్రికోణాకారపు రెక్క) విమానం ముక్కు పైకెత్తినప్పుడు, పదునైన ముందు అంచు దగ్గర గాలి విడిపోయి రెక్క మీద సుడిలా చుట్టుకుంటుంది. ధ్వనిని మించిన వేగంతో ఎగిరిన ప్రయాణికుల విమానం కాంకార్డ్ నెమ్మదిగా దిగగలిగిందంటే ఈ సుడుల చలవే.

విమానం నమూనాను కదలకుండా నిలిపి, దాని చుట్టూ నీళ్లు పారిస్తే నీటి సొరంగం, గాలి వీచేలా చేస్తే గాలి సొరంగం. సుడులను కళ్ళారా చూడటానికైతే నా ఓటు నీటికే. నమూనా ముక్కు దగ్గరి సన్నని రంధ్రంలోంచి రంగు వదిలితే, సుడి నడుమ దారంలా సాగుతుంది. కొంత దూరం పోయాక ఉన్నట్టుండి ఉబ్బి, చెదిరిపోతుంది. సుడి పగలడమంటే అదే. నీళ్లు సెకనుకు కొన్ని సెంటీమీటర్లే కదులుతాయి కాబట్టి టెన్షన్ లేకుండా ఫొటో తీసుకోవచ్చు. ఫ్రాన్స్‌లోని విమాన, అంతరిక్ష పరిశోధన సంస్థ ఓనెరాలో ఆన్రీ వెర్లే 1950లలోనే ఈ పని చేశాడు. గాలి సొరంగంలో పొగ తొందరగా చెదిరిపోతుంది. వేగం పెరిగేకొద్దీ మరీను.

లిఫ్ట్ (పైకెత్తే బలం) ఎంత, డ్రాగ్ (వెనక్కి లాగే బలం) ఎంత అని లెక్కలు కావాలంటే మాత్రం గాలి సొరంగానికే వెళ్లాలి. ధ్వని వేగం దగ్గర పుట్టే షాక్ తరంగాలు నీటి సొరంగంలో కనిపించవు.

రేనాల్డ్స్ సంఖ్య, అంటే ప్రవాహంలో జడత్వానికీ జిగటకూ ఉన్న నిష్పత్తి, దాని సంగతి? నీటి సొరంగంలో అది వేలల్లో ఉంటే, ఎగిరే విమానానికి కోట్లలో ఉంటుంది. అయినా అంచు పదునుగా ఉంటే ప్రవాహం విడిపోయేది అక్కడే కనుక సుడి తీరు పెద్దగా మారదు. గుండ్రటి అంచయితే నీటిలో కనిపించిన తీరును నేను నమ్మను. నాసా ఎఫ్-18 యుద్ధ విమానం మీద రెండు దారులూ పట్టింది: నీటిలో రంగు, ఆకాశంలో పొగ.