మడత కత్తి: క్లిప్ ఉన్నదా, లేనిదా?

1981లో స్పైడర్కో అనే అమెరికా కత్తుల కంపెనీ తన ‘వర్కర్’ మోడల్ మడత కత్తికి, జేబు అంచుకు తగిలించుకునే క్లిప్ పెట్టింది. అంతకుముందు మడత కత్తి మామూలుగా జేబు అడుగునే ఉండేది. ఇప్పుడు కొనేటప్పుడు ఏది మేలో తేల్చుకోవాల్సి వస్తోంది.

తీయడం: క్లిప్ ఉంటే జేబు అంచునే నిలబడి ఉంటుంది, ఒక్క చేత్తో అందుతుంది. లేకపోతే తాళాలు, చిల్లర మధ్య తడుముకోవాలి. నిచ్చెన మీద నిలబడి, రెండో చేత్తో తాడు పట్టుకున్నప్పుడు ఈ తేడా బాగా తెలుస్తుంది.

పట్టు: ఇక్కడ నా ఓటు క్లిప్ లేనిదానికే. వరసగా పది అట్టపెట్టెలు కోసి చూడండి, క్లిప్ అంచు అరచేతిలో గుచ్చుకుంటుంది.

అరుగుదల: క్లిప్ జేబు అంచును పీలికలు చేస్తుంది, కుర్చీకీ కారు తలుపుకీ గీతలు పెడుతుంది. క్లిప్ లేనిదాంట్లో నూగు, దుమ్ము చేరతాయి, అంతే.

రిస్క్: వదులైన క్లిప్ సీటుకు తగిలితే కత్తి జారిపోతుంది, మీకు తెలియను కూడా తెలియదు. స్క్రూలు అప్పుడప్పుడు బిగించాలి. క్లిప్ లేని కత్తి జేబులో దొర్లుతూ ఉంటుంది కాబట్టి బ్లేడు గట్టిగా మూసుకునేదై ఉండాలి. ఇందులో రాజీ పడొద్దు.

కంటపడటం: క్లిప్ బయటికి కనిపిస్తుంది, కొందరికి అది చూస్తేనే టెన్షన్. ఏదైనా సరే, మీరుండే చోట చట్టం ఏమంటుందో ముందు చూసుకోండి.

రోజుకు పదిసార్లు కత్తి తీసే పనివాళ్లకు క్లిప్ కావాలి. ఆఫీసు బట్టల్లో తిరుగుతూ ఎప్పుడో ఒక కవరు కోసేవాళ్లకు క్లిప్ లేని చిన్న కత్తి చాలు. ఎటూ తేలకపోతే, స్క్రూలు విప్పి క్లిప్ తీసేయగలిగే మోడల్ కొనండి.