కట్టి, కూల్చి, మళ్ళీ కట్టించే కోర్సు: బెంగళూరులో పిల్లలకు వేసవి నిర్మాణ శిక్షణ

తొమ్మిది, పది, ఇంటర్ చదివే పిల్లలకు ఇంటి కట్టుబడి పనులు నేర్పే 6 వారాల వేసవి కోర్సు ఇది. కె.ఆర్.పురం దాటి హోస్కోటె వైపు వెళ్ళే దారిలో ఒక పెద్ద రేకుల షెడ్డులో నడుస్తోంది. లోపాలు కూడా రాస్తున్నాం కాబట్టి కేంద్రం పేరు పెట్టడం లేదు. ఫీజు రూ. 8,500. బ్యాచ్‌కు 24 మంది, ఉదయం 8 నుంచి 12:30 దాకా పని. మేస్త్రీల్లో ఇద్దరు అనంతపురం వైపు వాళ్ళు కావడంతో మారతహళ్ళి, వర్తూరు ప్రాంతాల తెలుగు పిల్లలకు భాష ఇబ్బంది లేదు.

జాతీయ విద్యా విధానం 2020లో, 6 నుంచి 8 తరగతుల పిల్లలు 10 రోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగి, కుమ్మరి లాంటి పనివాళ్ళ దగ్గర గడపాలని ఉంది. 12వ తరగతి దాకా సెలవుల్లోనూ ఇలాంటి అవకాశాలు ఇవ్వవచ్చని ఉంది. 10 రోజుల్లో పని ఎలా ఉంటుందో తెలుస్తుంది గానీ చెయ్యి తిరగదు. ఈ కోర్సుకు 6 వారాలుండటం మంచిదే. అంతకంటే మంచి విషయం, పిల్లల చేతికి సామాను ధారాళంగా ఇవ్వడం. ఏ శిక్షణ కేంద్రాన్నైనా ముందు అడగాల్సింది ఒకటే: ఒక్కొక్కరికి ఎన్ని బ్లాకులు, ఎంత ఇనుము, ఎన్ని మీటర్ల పైపు ఇస్తారు? ఇద్దరు కడుతుంటే పదిమంది చుట్టూ నిలబడి చూసే చోట ఎవరికీ పని రాదు.

మొదటి 2 వారాలు గోడ కట్టుబడి. కోర్సులో బలమైన భాగం ఇదే. ఇద్దరు కలిసి 2 మీటర్ల పొడవు, 6 వరుసల ఎత్తు గోడ కట్టాలి. వరుసకు 5 చొప్పున 30 బ్లాకులు పడతాయి. వాడేది 400×200×100 మి.మీ. సాలిడ్ కాంక్రీట్ బ్లాకు, అంటే మనవాళ్ళు నాలుగంగుళాల బ్లాకు అనేది. అదే ఒక్కోటి 16, 17 కిలోలు తూగుతుంది. ఆరంగుళాలది 25 కిలోల దాకా ఉంటుంది, 15 ఏళ్ళ పిల్లల నడుముకు అది మంచిది కాదు. ఇక్కడ చిన్నదాన్ని ఎంచుకోవడమే కాక, నాలుగో వరుస దాటాక ఇద్దరూ పట్టుకునే ఎత్తాలని గట్టిగా చెబుతున్నారు.

మొదట మూలమట్టంతో, ఆ తర్వాత 3-4-5 కొలతతో (భుజాలు 3, 4, 5 పాళ్ళలో ఉన్న త్రిభుజానికి ఒక మూల సరిగ్గా 90 డిగ్రీలు) మూల గీయిస్తారు. రెండు చివర్లా మూల బ్లాకులు పెట్టి, దారం లాగి, దారానికి ఆనీ ఆనకుండా మధ్య బ్లాకులు పేర్పిస్తారు. బ్లాకు దారాన్ని నెట్టిందంటే ఆ వరుసంతా బయటికి జరుగుతుంది, పిల్లలు ఎక్కువగా చేసే తప్పు ఇదే. రెండో తప్పు, మాల్ (బ్లాకుల్ని అతికే మిశ్రమం) బిగిసిన తర్వాత బ్లాకును సుత్తితో తట్టి సరిచేయడం. పైకి వరుస సరిగ్గానే కనిపిస్తుంది కానీ మాల్‌కీ బ్లాకుకీ పట్టు తెగిపోతుంది, తర్వాత చీలిక వచ్చేది అక్కడే. అలా తట్టిన బ్లాకును తీసేయించి, పాత మాల్ గీకించి, కొత్త మాల్ వేయిస్తున్నారు. అతుకు మందం 10 మి.మీ. ఉందో లేదో ప్రతి వరుసకూ టేపు పెట్టి చూస్తారు. తూకం గుండు మూడు చోట్ల వేలాడదీసి, దారానికీ గోడకూ మధ్య సందు పైనా కిందా ఒకటేనా అని కొలిపిస్తారు. తేడా 5 మి.మీ. దాటిందంటే మేస్త్రి అనేది, "కూల్చెయ్ రా నాన్నా, మళ్ళీ కడదాం." ఆ మాటకు పిల్లలెవరూ చిన్నబుచ్చుకోకపోవడం ఆ మేస్త్రి గొప్పతనం.

ఇంకో మంచి పాఠం తడపడం గురించి. మట్టి ఇటుకను నీళ్ళలో నానబెట్టాలి, లేకపోతే మాల్‌లో నీటిని పీల్చేస్తుంది. కాంక్రీట్ బ్లాకును అలా నానబెట్టకూడదు, మరీ ఎండగా ఉంటే పైమొహాన్ని కాస్త తడిపితే చాలు. నానిన బ్లాకు ఉబ్బి, ఆరాక కుంచించుకుని గోడ పగులుతుంది. బెంగళూరులో కొత్త ఇళ్ళ గోడల మీద నిలువు చీలికలకు ఇదీ ఒక కారణం. మేస్త్రీలే చాలామంది పట్టించుకోని విషయాన్ని పిల్లలకు మొదటి వారంలోనే చెప్పడం బాగుంది.

ఇక్కడే ఒక లోటు. కూల్చి మళ్ళీ వాడుకోవడానికి వీలుగా సున్నం, ఇసుక కలిపిన మాల్ వాడుతున్నారు. అది సబబే. కానీ సిమెంట్ మాల్ 2 వారాల్లో ఒక్క పూటే చేతికిచ్చారు. సిమెంట్ గట్టిపడటం మొదలయ్యాక నీళ్ళు పోసి మళ్ళీ కలిపితే బలం పోతుంది. ఎంత కలుపుకుంటే బిగిసేలోపు వాడేయగలమో అంచనా రావాలంటే కనీసం 3 రోజులు సిమెంట్‌తోనే పని చేయాలి. సున్నానికి చేతి తొడుగులు, కళ్ళద్దాలు ఇస్తున్నారు, సిమెంట్ పూట మాత్రం తొడుగులు లేవు. తడి సిమెంట్ కూడా చర్మాన్ని కాలుస్తుంది.

మూడో వారం ఇనుము పని. ఒక్కొక్కరికి 8 మి.మీ. కడ్డీలు రెండు, 12 మీటర్లవి. వ్యాసాన్ని వర్గం చేసి 162తో భాగిస్తే మీటరు బరువు వస్తుందనే లెక్క ముందుగా చేయిస్తారు. ఒక్కో కడ్డీ 4.74 కిలోలని కాగితం మీద తేల్చాక త్రాసులో వేసి సరిచూస్తారు. తర్వాత 230×450 మి.మీ. స్తంభానికి రింగు, అంటే నిలువు కడ్డీల్ని చుట్టి పట్టి ఉంచే ఇనుప చట్రం. చుట్టూ 40 మి.మీ. కవర్ (ఇనుము బయట ఉండే కాంక్రీట్ పొర) వదిలితే రింగు కొలత 150×370. నాలుగు వైపులా కలిపి 1,040, రెండు కొక్కేలకు 80 చొప్పున 160, వంపుల దగ్గర తగ్గేది 96. కోయాల్సిన పొడవు 1,104 మి.మీ. ఒక కడ్డీకి 10 రింగులొచ్చి 960 మి.మీ. ముక్క మిగులుతుంది. ఆ ముక్కలతో స్లాబ్ చైర్లు (స్లాబ్‌లో పై కడ్డీల్ని ఎత్తి పట్టే ఆధారాలు) చేయిస్తున్నారు, వృథా అంటే ఏమిటో పిల్లలకు కళ్ళెదుట కనిపిస్తుంది. కొక్కెం 90 డిగ్రీల దగ్గర ఆపేస్తే ఒప్పుకోరు, 135 దాకా తిప్పి లోపలికి దిగాల్సిందే. భూకంపంలో పైకాంక్రీట్ రాలిపోతే 90 డిగ్రీల కొక్కెం తెరుచుకుంటుంది, రింగు పట్టు వదిలేస్తుంది. ఈ వారంలో వంక పెట్టడానికేమీ లేదు.

ప్లంబింగ్ వారం పర్వాలేదు. సీపీవీసీ (వేడినీళ్ళకూ వాడే ప్లాస్టిక్) పైపును చదరంగా కోయడం, అంచు నునుపు చేయడం, పొడిగా అమర్చి చూడటం, సాల్వెంట్ (అతికించే జిగురు) రాసి పావువంతు తిప్పుతూ దూర్చి అర నిమిషం కదలకుండా పట్టుకోవడం, అన్నీ వరుసగా చేయించారు. పట్టుకోకుండా వదిలేస్తే పైపు తనంతట తనే వెనక్కి జరుగుతుందని చెప్పడమే కాదు, అలా జరిగిన అతుకును నిలువునా కోసి లోపల చూపించారు. యూపీవీసీ (వేరే రకం ప్లాస్టిక్ పైపు) సాల్వెంట్ దీనికి పనికిరాదన్న మాట మాత్రం ఎవరూ చెప్పలేదు.

కరెంటు పని వారం నిరాశ కలిగిస్తుంది. ఎనిమిదిమందికి ఒక బోర్డు. లైట్లకు 1.5, సాకెట్లకు 2.5, గీజరుకు 4 చదరపు మి.మీ. తీగలని నోట్సు రాయించారు గానీ, తీగ లాగించింది తక్కువ. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) బోర్డులోనే లేదు. కరెంటు ఆగిందో లేదో స్క్రూడ్రైవర్ టెస్టర్‌తో చూసి సరిపెట్టుకోవడం అలవాటు చేస్తున్నారు. టెస్టర్ వెలగనంత మాత్రాన తీగలో కరెంటు లేదని కాదు. మల్టీమీటర్‌ను ముందు కరెంటున్న చోట చూసి, తర్వాత ఆపిన తీగ మీద, మళ్ళీ కరెంటున్న చోట చూడాలి. పిల్లలకు నేర్పే చోట దీన్ని వదిలేయడం క్షమించదగ్గది కాదు.

చివరి వారానికి 'సైట్ ఇంటర్న్‌షిప్' అని పేరు పెట్టారు. తల్లిదండ్రులు ఇక్కడ జాగ్రత్త పడాలి. 1996 నిర్మాణ కార్మికుల చట్టం కింద సంక్షేమ బోర్డులో పేరు నమోదయ్యేది 18 నుంచి 60 ఏళ్ళ వాళ్ళకే. 16 ఏళ్ళ పిల్లవాడు పరంజా మీంచి పడితే ఆ బోర్డు సాయం అందదు. పిల్లల్ని నేల మీదే ఉంచి, కొలతలు రాయడం, సామాను లెక్క చూడటం, బలం పరీక్షకు కాంక్రీట్ క్యూబులు పోయడం వరకే పరిమితం చేస్తామని రాసి ఇవ్వమని అడగండి. అడిగిన వాళ్ళకు ఇస్తున్నారు.

సర్టిఫికెట్ ఈ కేంద్రం సొంతది. దాని మీద ఎన్‌ఎస్‌క్యూఎఫ్ (జాతీయ నైపుణ్య అర్హతల చట్రం) స్థాయి గానీ, గుర్తింపు పొందిన సంస్థ పేరు గానీ లేవు, ఉద్యోగానికి దాన్ని నమ్ముకోవద్దు. ఈ పని మీద నిజంగా మనసు పడ్డ పిల్లలకు తర్వాతి దారి ఐటీఐ. ఎలక్ట్రీషియన్ అయితే 2 ఏళ్ళు, పదిలో సైన్సు, లెక్కలు ఉండాలి. ఐటీఐ అయ్యాక అప్రెంటిస్‌గా చేరితే 2019 నిబంధనల్లో పెట్టిన కనీస భృతి నెలకు రూ. 7,000.

పనిముట్లు కొనమని అడిగితే ఇప్పుడే వద్దనండి. తాపీ, మట్టం, టేపు కేంద్రమే ఇస్తుంది. వేళ్ళ దగ్గర ఉక్కు తొడుగున్న బూట్లు మాత్రం సరైన సైజులో మీరే కొనివ్వాలి, అక్కడున్నవన్నీ పెద్దవాళ్ళ సైజులే. చేర్పించే ముందు చూసి రావాలంటే ఉదయం 10, 11 మధ్య వెళ్ళండి. 12 దాటితే ఆ రోజు గోడలన్నీ కూల్చేసి, బ్లాకులు కడుగుతూ ఉంటారు.