నడుస్తూ ఆగిన పెట్రోల్ కారు: ఫ్యూయల్ పంపా, క్రాంక్ సెన్సరా?

సెల్ఫ్ బాగానే తిరుగుతోంది, ఇంజిన్ అందుకోవడం లేదు. అనుమానం ముందు ఈ రెండింటి మీదకే: ట్యాంకు నుంచి ఇంజిన్‌కు పెట్రోల్ పంపే పంపు, ఇంజిన్ తిరుగుడును కారు కంప్యూటర్‌కు చెప్పే క్రాంక్ సెన్సర్.

ఆగిన తీరు
పంపు: పోయేముందు తరచుగా జర్కులు, ఎత్తు ఎక్కేటప్పుడు పికప్ ఉండదు.
సెన్సర్: తాళం తిప్పి ఆపేసినట్టు టక్కున ఆగుతుంది. అరగంట చల్లారితే చాలాసార్లు ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది.

పరీక్ష
పంపు: తాళం ఆన్ చేసి వెనక సీటు దగ్గర చెవి పెట్టండి. చాలా కార్లలో రెండు సెకన్లు సన్నగా 'జుయ్' మంటుంది. వినపడలేదని వెంటనే పంపు కొనేయకండి. ఫ్యూజు చూసి, పంపు రిలే (పంపుకు కరెంటిచ్చే స్విచ్) చోట అదే నంబరున్న హారన్ రిలేని పెట్టి చూడండి. శబ్దం వచ్చినా ప్రెషర్ చాలకపోవచ్చు, అది ప్రెషర్ కొలిచే గేజ్ పెడితేనే తేలుతుంది.
సెన్సర్: సెల్ఫ్ కొడుతుంటే చాలా కార్లలో ఆర్‌పీఎం ముల్లు కదలదు, కారు కంప్యూటర్‌ను చదివే స్కానర్‌లో పీ0335 (క్రాంక్ సెన్సర్ సర్క్యూట్ లోపం) కోడ్ పడొచ్చు.

ఖర్చు, శ్రమ
సెన్సర్ చవక, చాలావాటికి ఒక్క బోల్టే. పంపుకు చాలా కార్లలో సీటు లేపాలి, పెట్రోల్ లైన్‌లో ప్రెషర్ దించాలి, బ్యాటరీ నెగటివ్ తీయాలి; దగ్గర్లో నిప్పు ఉండకూడదు.

వేడి మీద ఆగి చల్లారాక నడిచే బండికి ముందు సెన్సర్, దాని కనెక్టర్. శబ్దమే లేనిదానికి రిలే, ఆ తర్వాతే పంపు. సెల్ఫ్ మామూలుకంటే తేలిగ్గా, వేగంగా తిరుగుతుంటే రెండూ కావు: టైమింగ్ బెల్ట్ (ఇంజిన్ వాల్వులను నడిపే బెల్టు) తెగి ఉండొచ్చు, మళ్లీ సెల్ఫ్ కొట్టొద్దు.