43 ఏళ్ల విద్యార్థిని, 30 లీటర్ల బ్యాగు

ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ కాలేజీలో చేరాను. చేతిలో హ్యాండ్‌బ్యాగుతో తరగతిలోకి అడుగుపెడితే అధ్యాపకురాలిననుకుని అందరూ లేచి నిలబడతారేమోనని భయం వేసింది. అందుకే వీపుకు తగిలించుకునే బ్యాగు కొన్నాను. 30 లీటర్లది, బూడిద రంగు, లాప్‌టాప్‌కు వేరే అర ఉంది. ఒక సెమిస్టర్ గడిచాక ఇది రాస్తున్నాను. మొదటి వారంలోనే కూర్చుని ఉంటే తిట్ల దండకం అయ్యేది.

ముందు గుడ్డ సంగతి. లేబుల్ మీద 600 డెనియర్ పాలియెస్టర్ అని ఉంది. డెనియర్ అంటే 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే లెక్క. అంకె పెరిగితే దారం లావైనట్టు. రోజూ బెంచీలకూ గోడలకూ రాసుకుంటున్నా అడుగు మూలల్లో తప్ప ఎక్కడా పోగు లేవలేదు. లోపలివైపు పూత ఉంది కాబట్టి చిన్న జల్లుకు ఆగుతుంది. గట్టి వానకు మాత్రం ఆగదు. పూత ఉన్న గుడ్డ బాగానే ఉంటుంది, నీళ్లు కుట్ల రంధ్రాల్లోంచీ జిప్పులోంచీ దిగుతాయి. లాప్‌టాప్ కోసం ఒక ప్లాస్టిక్ సంచి మడిచి లోపల పెట్టుకుంటున్నాను.

పెద్ద అర జిప్పు రన్నర్ వెనక 8 అనీ, ముందు అరల రన్నర్ల వెనక 5 అనీ చెక్కి ఉంది. మూసిన పళ్ల వరుస ఇంచుమించుగా ఎన్ని మిల్లీమీటర్ల వెడల్పో ఆ అంకె చెబుతుంది. పెద్దది ఇప్పటికీ నూనె రాసినట్టు జారుతోంది. ముందున్న చిన్నది మూడో నెలలో మూసిన చోటే మళ్లీ విచ్చుకోవడం మొదలుపెట్టింది. చూస్తే పళ్లు బాగానే ఉన్నాయి, రన్నరే వదులైంది. పటకారుతో దాని రెండు పక్కలా కొద్దిగా నొక్కితే దారికి వచ్చింది. ఎక్కువ నొక్కితే అసలు కదలదు, తొందరపడవద్దు.

లాప్‌టాప్ అర 15.6 అంగుళాలది అన్నారు. ఆ కొలత తెరకు మూల నుంచి మూలకు తీసేది. అదే కొలత ఉన్న నా పాత లాప్‌టాప్ లావు వల్ల తోసి తోసి పెట్టాల్సి వస్తోంది. అంతకంటే పెద్ద లోపం, ఆ అర బ్యాగు అడుగు దాకా దిగిపోయింది. నేల మీద బ్యాగు దించిన ప్రతిసారీ ముందు దెబ్బ లాప్‌టాప్‌కే. కొనేముందు అరలోకి చెయ్యి పెట్టి, దాని అడుగుకూ బ్యాగు అడుగుకూ మధ్య ఖాళీ ఉందో లేదో చూడండి. నేను చూడలేదు. ఇప్పుడు పాత తువ్వాలు మడిచి అడుగున వేశాను.

ఇక మొదటి రోజు. ముందు రాత్రి లాప్‌టాప్, చార్జర్, రెండు లావుపాటి నోటుపుస్తకాలు, సర్టిఫికెట్ల ఫైలు, లీటరు స్టీలు సీసా, గొడుగు, కలాల పెట్టె, తలనొప్పి మాత్రలు, సూదీ దారం, అన్నీ సర్దాను. మా అబ్బాయి గుమ్మంలో నిలబడి చూసి, "అమ్మా, కాలేజీకి వెళ్తున్నావా, కాపురానికా?" అన్నాడు. పౌరుషం వచ్చి, బ్యాగుతో ఒకసారి, లేకుండా ఒకసారి తూకం ఎక్కాను. తేడా 7 కిలోలు. అందులో ఖాళీ బ్యాగుదే కిలో పైన, సీసాలో నీళ్లదే ఇంకో కిలో. మోసే బరువు మన బరువులో పదో వంతుకు దగ్గరగా ఉండాలంటారు. నేను 58 కిలోలు. గొడుగూ, ఒక నోటుపుస్తకమూ, సగం నీళ్లూ తీసేశాను. సూదీ దారం ఉంచాను.

ఈ బ్యాగుకు మొత్తం 14 అరలు. కొన్నప్పుడు దాన్ని గొప్పగా చెప్పుకున్నాను. తరగతి గది నంబరు రాసుకున్న చీటీ ఏ అరలో పెట్టానో తెలియక వరండాలో నిలబడి పది నిమిషాలు వెతికాక ఆ ముచ్చట తీరింది. చివరికి అది చార్జర్ పక్కన దొరికింది. ఇప్పుడు మూడే అరలు వాడుతున్నాను, మిగతా వాటిలో ఏముందో నాకూ తెలియదు.

అసలు ఫిర్యాదు ఇంకా చెప్పలేదు. ఈ బ్యాగు నిలబడదు. అడుగు గుండ్రంగా ఉంది, బరువంతా వీపు వైపే. హాజరు పిలుస్తున్నారు, నా పేరు వచ్చేసరికి గదంతా నిశ్శబ్దంగా ఉంది. సరిగ్గా అప్పుడే అది మెల్లగా ఒరిగింది. పక్క జేబులోంచి స్టీలు సీసా జారి, ఠంగుమని పడి, మెట్టు మెట్టుగా మోగుకుంటూ ముందు వరుస దాకా వెళ్లింది. "ప్రెజెంట్" అని నేను వేరే చెప్పాల్సిన అవసరం లేకపోయింది. పక్కన కూర్చున్న కుర్రాడు వెళ్లి దాన్ని తెచ్చాడు. నన్ను ఆంటీ అనాలో మేడం అనాలో తేల్చుకోలేక కాసేపు నసిగి, "మీ సీసా... అండీ" అని చేతికిచ్చాడు. తర్వాత బ్యాగు పడకుండా తన కాలు అడ్డుపెట్టి కూర్చున్నాడు. ఆ రోజు నాతో మాట్లాడిన మొదటి మనిషి అతనే.

భుజపట్టీలు మెత్తగా ఉన్నాయి, ఒకసారి బిగిస్తే జారడం లేదు. పై పిడి కుట్టు గట్టిది. ఐదుకు మూడు నక్షత్రాలు ఇస్తున్నాను. అరలు తగ్గించి, అడుగు చదునుగా కుట్టి ఉంటే నాలుగిచ్చేదాన్ని. పాత ఫైలు అట్టను కొలతకు కత్తిరించి అడుగున పరిచాక ఇప్పుడు నిటారుగానే నిలబడుతోంది. ఆ కుర్రాడు మాత్రం నేను కూర్చోగానే అలవాటుగా కాలు చాపుతున్నాడు.