చిన్న ఎస్‌యూవీతో స్పితి రౌండ్: టైర్లు, బసలు, పంక్చర్ షాపులు

హిమాచల్‌లోని స్పితి లోయకి షిమ్లా వైపు నుంచి ఎక్కి, అక్కడి కాజా ఊరు చూసుకుని కుంజుం పాస్ (కొండ కనుమ) మీదుగా మనాలీ దిగే రౌండ్ గురించి ఎవరైనా అడిగితే మొదటి ప్రశ్న ఫోర్ బై ఫోర్, అంటే నాలుగు చక్రాలూ లాగే బండి, కావాలా అనే ఉంటుంది. నేనైతే ముందు టైర్ల గురించి అడగమంటాను. మాది మామూలు ఫ్రంట్ వీల్ డ్రైవ్ చిన్న ఎస్‌యూవీ, 215/60 ఆర్16 టైర్లు (215 మి.మీ. వెడల్పు, పక్క గోడ ఎత్తు అందులో 60 శాతం, 16 అంగుళాల రిమ్), వెనకాలే మా బావ వాళ్ళ ఆల్ వీల్ డ్రైవ్ బండి కంపెనీ ఇచ్చిన హైవే టైర్లతోనే వచ్చింది. అక్టోబర్‌లో వెళ్ళాం కాబట్టి తారు, కంకర, బండరాళ్ళు, వాగులు, కొత్తగా పడ్డ మంచు అన్నీ ఒకే ట్రిప్‌లో తగిలాయి, రెండు బండ్లనీ పక్కపక్కన పెట్టి చూసుకునే వీలు దొరికింది.

టైర్లు కొనేముందు చాలా చూశాం. అపోలో ఆప్టెరా ఏటీ2, సియట్ క్రాస్‌డ్రైవ్ ఏటీ, యోకోహామా జియోలాండర్ ఏటీ ఇవన్నీ లిస్టులో ఉన్నాయి. ఏటీ అంటే ఆల్ టెర్రెయిన్, తారు మీదా కంకర మీదా నడిచే టైర్లు. పెద్ద పెద్ద గడ్డలుండే మడ్ టెర్రెయిన్ టైర్లు చూడ్డానికి బావుంటాయి గానీ వాటిని వెంటనే పక్కన పెట్టేశాం, ఎందుకంటే ఈ రూట్‌లో ఎక్కువ భాగం తారు రోడ్డే, పైగా గట్టిపడిన మంచు మీద, తడి తారు మీద పట్టు ఇచ్చేది గడ్డల సైజు కాదు, గడ్డల మీద ఉండే సన్నటి గీతలు, వాటిని సైప్స్ అంటారు, అవి మడ్ టైర్లకి తక్కువ. ఇంకో సంగతి, సైడ్‌వాల్ (టైర్ పక్క గోడ) మీద ఎం ప్లస్ ఎస్ అని ఉంటే మంచుకి సరిపోతుందనుకుంటారు చాలామంది. అది ట్రెడ్ (రోడ్డుకి తగిలే గడ్డల భాగం) డిజైన్‌ని బట్టి కంపెనీ తనంతట తాను వేసుకునే గుర్తు. మూడు శిఖరాల కొండ, దాని మధ్యలో మంచు రేకు ఉండే గుర్తు వేరే, అది మంచు మీద టెస్ట్ చేసి పాసైతేనే వేస్తారు. ఒకే మోడల్‌లో కూడా సైజుని బట్టి ఆ గుర్తు ఉండొచ్చు, లేకపోవచ్చు, కాబట్టి షాపులో టైర్ని తిప్పి చూసుకోండి. మామూలు టైర్ రబ్బరు 7 డిగ్రీల కంటే చల్లబడితే బిగుసుకుపోవడం మొదలవుతుంది, కాజాలో అక్టోబర్ ఉదయాలు సున్నాకి దిగువనే ఉంటాయి, అందుకే ఆ గుర్తు ఉన్న ఏటీ టైరే వేయించాం.

సైజు పెంచమని కూడా చాలామంది చెప్పారు. 215/65 వేస్తే టైర్ మొత్తం వ్యాసం దాదాపు 21 మి.మీ. పెరుగుతుంది, అందులో సగమే కదా బండి లేచేది, అంటే 11 మి.మీ. లోపే. దానికోసం స్పీడోమీటర్ 3 శాతం తప్పు చూపించడం, ఫుల్‌గా స్టీరింగ్ తిప్పినప్పుడు ఫెండర్‌కి రాసుకునే భయం, ఇవి నాకు నచ్చలేదు. కంపెనీ సైజే ఉంచి, లోడ్ ఇండెక్స్ (టైర్ మోయగల బరువు చెప్పే నంబరు) కంపెనీ చెప్పినదాని కంటే తగ్గకుండా చూసుకున్నాం. ఆ డబ్బులు ఐదో టైర్ మీద పెట్టాం, అదే సైజు, అదే టైర్, స్పేర్ కోసం. చాలా చిన్న ఎస్‌యూవీలకి స్పేర్ సన్నగానో చిన్నగానో ఇస్తారు, దాంతో సిటీలో ఓకే గానీ కుంజుం దిగాక వచ్చే బాతల్ దగ్గర రాళ్ళ మీద ఎలా వెళ్తాం? ఆల్ వీల్ డ్రైవ్ అయితే ఒక చక్రం సైజు తేడా ఉన్నా ముందు వెనక చక్రాలని కలిపే కప్లింగ్ మీద లోడ్ పడుతుంది, కాబట్టి వాళ్ళకి ఇది ఇంకా ముఖ్యం.

షిమ్లా నుంచి నార్కండా, రాంపూర్ మీదుగా కల్పా వరకు రోడ్డు గురించి పెద్దగా చెప్పేదేం లేదు, టైర్ల చప్పుడు కొంచెం ఎక్కువ, మైలేజ్ కొంచెం తక్కువ, అంతే. కల్పాలో హోటల్ బావుంది, కిన్నౌర్ కైలాష్ శిఖరం గదిలోంచే కనిపిస్తుంది. కానీ పార్కింగ్ ఏటవాలుగా ఉంది, రాత్రి నీళ్ళు పారి గడ్డకడితే పొద్దున బండి బయటికి తీయడం కష్టం. అప్పట్నుంచి బస తీసుకునే ముందు నేను అడిగే మొదటి మాట బండి ఎక్కడ పెట్టాలి, పొద్దున్నే ఎండ పడుతుందా అని. ఈ లెక్కన చూస్తే తాబోలో దిగిన హోమ్‌స్టే అన్నిటికంటే నచ్చింది, చదునుగా ఉన్న వాకిలి, తొందరగా ఎండ, 996లో కట్టిన మఠానికి నడుచుకుంటూ వెళ్ళొచ్చు. కాజాలో గది వెచ్చగా ఉంది, ఇంటామె రాత్రి కూడా బుఖారీ (గది వేడిచేసే పొయ్యి) వెలిగించి పెట్టింది, ఎంతో ఆదరంగా చూసుకున్నారు, పార్కింగ్ మాత్రం సందులో రోడ్డు మీదే.

కాజాలో టైర్ల గాలి సంగతి విడిగా చెప్పాలి. కాజా దాదాపు 3,800 మీటర్ల ఎత్తులో ఉంటుంది, అక్కడ బయటి వాతావరణ పీడనం మైదానాల కంటే ఇంచుమించు 5 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) తక్కువ, కాబట్టి కింద 33 పెట్టుకుని వచ్చిన టైర్ అదే వేడిలో పైన 38 చూపిస్తుంది. కానీ చలికి గాలి కుంచించుకుపోయి ప్రతి 10 డిగ్రీలకి ఒకటిన్నర పీఎస్‌ఐ దాకా తగ్గుతుంది. పొద్దున్న చూస్తే రెండూ సరిపోయి మామూలుగానే కనిపిస్తుంది, మధ్యాహ్నం ఎండలో నడిచాక చూస్తే ఎక్కువ. అందుకే సొంత గేజ్, సిగరెట్ సాకెట్‌లో పెట్టుకునే చిన్న కంప్రెసర్ ఉండాల్సిందే, కొలిచేది ఎప్పుడూ బండి కదలకముందే. కుంజుం కింద ఉన్న లోసర్ ఊరు దాటాక కంకర మొదలైన చోట మేం 27కి దించాం, బండి ఊగిపోవడం తగ్గి రాళ్ళ మీద మెత్తగా వెళ్ళింది. అలా దించినప్పుడు స్పీడు కూడా దించాలి, మళ్ళీ మంచి రోడ్డు రాగానే నింపుకోవాలి.

కుంజుం 4,551 మీటర్లు. పైన ముందురోజు పడిన మంచు, బండ్లు తొక్కి తొక్కి గట్టిపడింది. ఇక్కడే రెండు బండ్ల తేడా బాగా తెలిసింది. ఎక్కేటప్పుడు బావ బండి నాలుగు చక్రాలూ తిరుగుతున్నాయి కాబట్టి హైవే టైర్లతో కూడా ఎక్కేసింది, మాది ఒక మలుపులో కాస్త జారి సర్దుకుంది. దిగేటప్పుడు లెక్క మొత్తం తారుమారైంది. బ్రేక్ వేస్తే ఆల్ వీల్ డ్రైవ్ ఏం చేయలేదు కదా, ఆపాల్సింది రబ్బరే, మా బండి అనుకున్న చోట ఆగుతుంటే వాళ్ళది ఏబీఎస్ (చక్రాలు బిగిసిపోకుండా చూసే బ్రేక్ వ్యవస్థ) కొట్టుకుంటూ ముందుకి జారుతూనే ఉంది. బావ ఫస్ట్ గేర్‌లో పెట్టి మెల్లగా దించుకొచ్చాడు. మంచులో పట్టు కోసం టైర్లకి చుట్టే చైన్లు రెండు బండ్లలోనూ ఉన్నాయి, ఫ్రంట్ వీల్ డ్రైవ్‌కి ముందు చక్రాలకే వేయాలి, ఇంటి దగ్గరే ఒకసారి వేసి తీసి చూసుకుని రండి. నీడ మలుపుల్లో కనపడని పలచటి ఐస్ మీద మాత్రం ఏ ఏటీ టైరూ నిలబడదు, పొద్దెక్కి కరిగేదాకా ఆగడమే.

బాతల్ నుంచి గ్రాంఫూ దాకా రోడ్డు అనే పేరే గానీ బండరాళ్ళు, వాగులు. మధ్యాహ్నానికి మంచు కరిగి వాగుల్లో నీళ్ళు పెరుగుతాయి, పొద్దున్నే దాటేయాలి. ఛత్రూ దాటాక బావ బండి టైర్ సైడ్‌వాల్ ఒక పదునైన రాయికి చీరింది. ట్రెడ్‌లో మేకు దిగితే ప్లగ్ కిట్‌తో పదినిమిషాల పని, సైడ్‌వాల్ చీరితే ఎవరూ ఏం చేయలేరు, స్పేర్ ఒక్కటే దారి. అప్పుడు కూడా వాళ్ళది కంపెనీ ఇచ్చిన సన్న స్పేర్, మనాలీ వరకు ఎంత నెమ్మదిగా వచ్చామో చెప్పలేను. దారిలో పంక్చర్ షాపుల వాళ్ళు మంచివాళ్ళు, రాంపూర్‌లో, రెకాంగ్ పియోలో, కాజాలో పని చక్కగా చేస్తారు, కానీ మన సైజు కొత్త టైర్ అక్కడ స్టాక్ ఉంటుందని మాత్రం నమ్ముకోవద్దు.

మనాలీలో దిగాక ముందు గాలి సరిచూసుకోవాలి, కిందికొచ్చాక గేజ్‌లో తగ్గి కనిపిస్తుంది. అలాగే టైర్ కొత్తదా అని కాదు, ట్రెడ్ ఎంత మిగిలిందో కొలవండి, చట్టం ప్రకారం 1.6 మి.మీ. చాలు గానీ మంచుకి 4 మి.మీ. కంటే తగ్గితే నేనైతే కుంజుం వైపు వెళ్ళను, కాజా చూసుకుని షిమ్లా వైపే వెనక్కి తిరిగొస్తాను.