ఏడుగురి బండి, రెండు కిలోమీటర్ల బడి

2021 దసరాకి బండి కొన్న కొత్తలో, ఏ కారు తీసుకోమంటావని ఎవరడిగినా నాది ఒకటే జవాబు: "డీజిల్, ఆటోమేటిక్. ఇంకేం ఆలోచించొద్దు." ఆ మాట నమ్మి మరుసటి ఏడాది మా బావమరిది కూడా అదే మోడల్ తీసుకున్నాడు. ఇప్పుడు పండక్కి కలిస్తే కాళ్లు కడుక్కోకముందే అడుగుతాడు, "బావా, డ్యాష్‌బోర్డ్ మీద దీపం ఏమంటోంది?" అని.

రెండు లీటర్ల డీజిల్, ఏడు సీట్లు. కంపెనీ పేరు రాయను, ఎందుకో మీకే అర్థమవుతుంది. సన్‌రూఫ్ గురించీ స్క్రీన్ సైజు గురించీ వీడియోలు బోలెడున్నాయి. నన్ను పడేసింది మాత్రం ఇంజిన్ లాగుడు. మొదటి ఏడాదే శ్రీశైలం వెళ్లాం. అమ్మ, నాన్న, మేం నలుగురం, అత్తయ్య. మూడో వరస సీట్లు ఎత్తితే డిక్కీలో పట్టేది రెండు బ్యాగులే, మిగతావన్నీ కాళ్ల దగ్గర. లింగాలగట్టు వంతెన దాటి సున్నిపెంట వైపు ఎక్కే వంపుల్లో ఏసీ నడుస్తూనే ఉంది, వెనక కూర్చున్న నాన్న నిద్రపోతూనే ఉన్నారు. నా పాత హ్యాచ్‌బ్యాక్‌లో అదే ఎక్కుడుకి ఏసీ కట్టేసి, అద్దాలు దించి, ఎదురుగా ఆర్టీసీ బస్సొస్తే ఆగి, మళ్లీ ఫస్ట్ గేర్‌లో ఏడిపించుకుంటూ లేపేవాణ్ణి. ఆ ఘాట్ దిగేసరికి ఈ బండికి నేను ప్రచారకర్తనైపోయాను.

అయితే శ్రీశైలం ఏడాదికి ఒకసారి. పిల్లల బడి రోజుకి రెండుసార్లు.

మేం ఉండేది కొండాపూర్‌లో. బడి రెండు కిలోమీటర్లు, మాదాపూర్‌లో ఆఫీసు ఐదు. సగం దూరం సిగ్నళ్ల దగ్గరే గడిచిపోతుంది, ఇంజిన్ సరిగ్గా వేడెక్కేలోపు సెల్లార్‌లో పార్కింగ్. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక ఇలాంటి డీజిల్ కార్లకి పొగగొట్టం దారిలో డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటోంది. మసి బయటికి పోకుండా పట్టి ఉంచుతుంది. పట్టిన మసిని సుమారు 600 డిగ్రీల వేడి దగ్గర అప్పుడప్పుడు కాల్చేసుకోవాలి. హైవే మీద అయితే మనకి తెలియకుండానే ఆ పని అయిపోతుంది. రెండు కిలోమీటర్లకోసారి తాళం తీసేస్తే మొదలైన మంట మధ్యలోనే ఆగిపోతుంది.

ఇదంతా తర్వాత తెలిసింది. అప్పటికి తెలిసిందల్లా, కొన్ని రోజులు బండి ఆపాక కూడా ఫ్యాన్ బుస్సుమంటూ తిరిగేదని. ఏదో కాలిన వాసన. ఒకరోజు వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి, "సార్, బండిలోంచి సెగ కొడుతోంది" అన్నాడు. కొత్త బండి కదా, ఏమీ కాదులే అన్నాను.

2023 వానాకాలంలో, ఆ ఫిల్టర్‌లో మసి నిండుతోందని చెప్పే పసుపు దీపం డ్యాష్‌బోర్డ్ మీద వెలిగింది. తొమ్మిది రోజులు చూసీచూడనట్టు తిరిగాను. పదో రోజు పొద్దున, కొత్తగూడ ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ఒక్కసారిగా బండిలో సత్తువ పోయింది. యాక్సిలరేటర్ నేలకి ఆనించినా ముందుకి రాదు. శ్రీశైలం ఘాట్‌ని నవ్వుతూ ఎక్కిన బండి, ఊళ్లో ఫ్లైఓవర్ మీద హజార్డ్ లైట్లేసుకుని పాకుతోంది. వెనక హారన్లు. "నాన్నా, ఆటో కూడా మనల్ని దాటేసింది" అంది మా అమ్మాయి.

సర్వీస్ సెంటర్‌లో ల్యాప్‌టాప్ తగిలించి, బండిని నిలబెట్టే మసి కాల్చారు. డిప్‌స్టిక్ తీసి చూపిస్తే ఆయిల్ పై గీత దాటి ఉంది. పెరిగింది ఆయిల్ కాదట, మసి కాల్చడానికని చిమ్మిన డీజిల్ కిందికి దిగి కలిసిందట. ఆయిల్ కూడా మార్చారు. బిల్లు 14 వేలు, వారంటీ వర్తించదన్నారు. అడ్వైజర్ కుర్రాడు మర్యాదగానే చెప్పాడు: "సార్, ప్రాబ్లం బండిది కాదు, మీ రూట్‌ది."

అదే నా కడుపుమంట. కొన్న రోజు షోరూమ్‌లో రంగు ఏది కావాలని మూడుసార్లు అడిగారు. రోజుకి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారని ఒక్కరూ అడగలేదు.

ఇప్పుడు రెండు వారాలకోసారి, ఆదివారం పొద్దున ఐదున్నరకి ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కుతాను. నానక్‌రామ్‌గూడ నుంచి శంషాబాద్, మళ్లీ వెనక్కి. 120 లిమిట్ ఉన్న రోడ్డు మీద నేను మూడో లేన్‌లో 80 దాటను. మాన్యువల్ మోడ్‌లో నాలుగో గేర్, ఇంజిన్ ఆర్‌పీఎం ముల్లు రెండు వేల పైన. మసి కాలుతున్నంతసేపూ స్క్రీన్ మీద మైలేజీ పడిపోయి కనబడుతుంది, అది మళ్లీ పైకి లేస్తే పని అయినట్టు. నాకు ఇరవై నిమిషాలు పడుతుంది. డీజిల్ ఖర్చు, టోల్ ఖర్చు, నిద్ర ఖర్చు. "కుక్కని వాకింగ్‌కి తీసుకెళ్తున్నట్టుంది" అంటుంది మా ఆవిడ. ఈ అలవాటు చేసుకున్నాక దీపం మళ్లీ వెలగలేదు, అది ఒప్పుకోవాలి.

మైలేజీ 14 వస్తుందని గతంలో అందరికీ చెప్పాను. అది హైవే లెక్క. ఊళ్లో తొమ్మిది దాటడం లేదు. మూడో వరస పెద్దవాళ్లకి సరిపోతుందని కూడా అన్నాను. శ్రీశైలం నుంచి వచ్చాక నాన్న మళ్లీ అందులో కూర్చోలేదు.

అమ్మేద్దామా అంటే, అత్తగారి ఊరు తణుకు. ఏడాదికి నాలుగుసార్లు, వెళ్లేటప్పుడు నాలుగొందల కిలోమీటర్లు, వచ్చేటప్పుడు నాలుగొందలు. సూర్యాపేట దాటాక లారీల వరసని ఒక్క ఊపులో దాటేసినప్పుడు 14 వేలూ మర్చిపోతాను. 2022 చివర్లో వచ్చిన ఇన్నోవా హైక్రాస్ హైబ్రిడ్ లాంటిది నేను కొనేనాటికి ఉంటే, నా రూట్‌కి బహుశా అటే మొగ్గేవాణ్ణేమో. ధర చూసి వెనక్కి తగ్గేవాణ్ణి కూడా కావచ్చు.

బావమరిదిది కోదాడ. ఉద్యోగం సూర్యాపేటలో, రోజూ హైవే మీదే రాకపోకలు. వాడి బండి 90 వేల కిలోమీటర్లు దాటింది, పసుపు దీపం ఎలా ఉంటుందో వాడికి తెలియదు. నాది ఇంకా 38 వేలే. మొన్న సంక్రాంతికి, "వారం రోజులు మార్చుకుందాం బావా, నీ బండి ఊపిరి పీల్చుకుంటుంది" అన్నాడు. తాళాలు ఇచ్చేశాను. వాడి బండి ఇప్పుడు మా సెల్లార్‌లో ఉంది, పొద్దున బడి దగ్గర దించి వచ్చాక ఫ్యాన్ బుస్సుమంటోంది.