రాళ్ల నడుమ మూడు నాటికలు

మా ప్రాంతంలోని ఒక మ్యూజియంలో ఆదివారం ఉదయం ఒక చిన్న బృందం ప్రదర్శించిన మూడు పొట్టి నాటికలను ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయితో కలిసి చూశాను. ఒక్కొక్కటి 12 నుంచి 15 నిమిషాలు సాగింది. వేదిక, తెర ఏమీ లేవు. నటులు ప్రదర్శనలో ఉంచిన ఒక వస్తువు పక్కన నిలబడి ఆడుతుంటే, ప్రేక్షకులు వారి వెంట గది నుంచి గదికి నడవాలి. మనిషికి 50 రూపాయల టికెట్టు ఎక్కువేమీ కాదు గానీ, మూడింటిలో పూర్తిగా పండింది ఒక్కటే.

అది కూడవెల్లి సంగమేశ్వరాలయానికి సంబంధించిన నాటిక. కృష్ణా తుంగభద్రలు కలిసే చోట చాళుక్యుల కాలంలో వెలిసిన ఆ గుడి శ్రీశైలం ప్రాజెక్టు నీటిలో మునిగిపోకుండా, దాన్ని రాయికి రాయి విప్పి అలంపురానికి తెచ్చి మళ్లీ నిలబెట్టిన సంగతి పాత పాలమూరు జిల్లావాళ్లలో చాలామందికి తెలుసు. నాటికలో రాజు గానీ పూజారి గానీ లేరు. రాళ్లకు అంకెలు వేసే ఒక కూలీ, ముంపు ఊరి నుంచి మూటతో వచ్చిన అతని మేనత్త, అంతే. "గుడి రాళ్లకు నంబర్లేస్తున్నవు గదా అల్లుడా, మన ఇంటి రాళ్లకు ఎవరేస్తర్రా?" అని ఆమె అడుగుతుంది. 1981లో ఊళ్లు ఖాళీ చేయించిన నాటి బాధకు ఆ ఒక్క ప్రశ్న సరిపోయింది. వెనక నిలబడిన ఒక పెద్దాయన మునిగిపోయిన తమ ఊరి పేరును పైకే అనేశారు. ఆ నటి తడుముకోకుండా దాన్ని అందుకొని, తన తర్వాతి మాటలో కలిపేసింది. ప్రేక్షకుడికి, నటికి మధ్య నాలుగడుగుల దూరం కూడా లేకపోవడం వల్లనే అది సాధ్యమైంది.

రెండోది నల్లగొండ పక్కనున్న పానగల్లును ఏలిన కుందూరు చోడ రాజుల కథ. ఇక్కడ బృందం పౌరాణిక నాటకాల దారి పట్టింది. కిరీటం, గ్రాంథికం, "మహామంత్రీ" అన్న పిలుపులు వచ్చాయి గానీ, నేటికీ అక్కడ నీళ్లతో ఉన్న ఉదయసముద్రం చెరువు కట్టకు మట్టి మోసినవాళ్లు ఒక్కరూ కనబడలేదు. పక్కనే ఉన్న శాసనం మీది సూర్యచంద్రుల బొమ్మల వంక ఏ పాత్రా చెయ్యి చూపలేదు. దానాన్ని హరించినవాడు 60 వేల ఏండ్లు మలంలో పురుగై పుడతాడని దానశాసనాల చివర తరచుగా కనిపించే శాపాన్ని ఒక లేఖకుడి చేత చదివించి ఉంటే, పిల్లలు నవ్వుకుంటూ ఇంటిదాకా మోసుకెళ్లేవారు.

తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం మీది మూడో నాటిక మొదలు చాలా బాగుంది. నాగు వడ్లు, అంటే వడ్డీతో తిరిగి కట్టాల్సిన అప్పు వడ్లు, ఇచ్చేటప్పుడు కొలత పాత్ర అయిన మానికను చేత్తో గీకి, తిరిగి తీసుకునేటప్పుడు గుట్టగా పోసి కొలిచే దొర మనిషిని చూసి మా అమ్మాయి "ఇది మోసం కదా నాన్నా" అంది. ఆ కొలత దగ్గరే ఆగాల్సింది. ఆగకుండా 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య అమరుడు కావడం, 1948 సెప్టెంబరు పోలీసు చర్య, 1951 అక్టోబరు పోరాట విరమణ అన్నింటినీ పావుగంటలో కుక్కేశారు. చివరికి నటులు తేదీలు అప్పజెప్పే విద్యార్థుల్లా మిగిలారు.

వెళ్లదలచినవారు ఉదయం మొదటి ఆటకే వెళ్లండి. ఎక్కడా కుర్చీలు లేవు. మోకాళ్ల నొప్పులున్న పెద్దలకు గంటసేపు నిలబడటం కష్టం. ఆ చిన్న గదులకు కాలర్ మైకులు అవసరమే లేదు, పైగా రెండుసార్లు కీచుమన్నాయి. తర్వాతి నాటిక ఫణిగిరి బౌద్ధ తోరణం గురించి అని చెప్పారు. అందులో తోరణాన్ని చెక్కినవాడి చేత మాట్లాడిస్తారంటే మళ్లీ రెండు టికెట్లు కొంటాను.